పేరు కొట్టించిన చెంబు

ఆ ఏడు వాన ఐదు రోజులు విడవకుండా కొట్టింది. మాదన్నపేట మార్కెట్ వెనక నాలా పొంగి మా బడిలోకి వచ్చింది. వెనకది మట్టిగోడ, నాని నాని కూలిపోయింది. తెల్లారి వెళ్ళి చూస్తే బీరువా బురదలో బోర్లా పడి ఉంది. తలుపు పగలగొట్టి తీస్తే అడ్మిషన్ రిజిస్టరు ముద్దగా చేతికొచ్చింది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు అన్నీ నీలం నీళ్ళై కారిపోతున్నాయి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మా హెడ్మాస్టరు గారు మెట్టు మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, ఆ బడిలో టీచర్ని. ఏ బాధ వచ్చినా నాలో అది కోపంగానే బయటికొచ్చేది.

వారం తిరగకుండానే విద్యాశాఖ ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. దసరా సెలవులయ్యేలోపు గోడా, రిజిస్టరూ రెండూ చూపించాలని, లేకపోతే పిల్లల్ని మూసీ అవతలి బడిలో కలిపేస్తామని చెప్పాడు. ఆయనకేం, చెప్పేసి జీపెక్కి వెళ్ళిపోయాడు. మాది ఏడో తరగతి దాకా ఉన్న తెలుగు బడి. సగానికి సగం ఆడపిల్లలు. వాళ్ళను రోజూ వంతెన దాటించి పంపే తండ్రి మా పేటలో ఒక్కడూ లేడు. అవతలి బడిలో కలపడమంటే ఆ పిల్లల చదువు ఆపేయడమే. నేను ఆపనివ్వదలచుకోలేదు.

మిర్చి వ్యాపారం చేసే సేటు ఒకాయన తన గోదాం ముందు భాగం క్లాసులకు ఇచ్చాడు. "పిల్లలు తుమ్మితే ఏం ఫికర్ లేదు టీచరమ్మా, బస్తాలెక్కి దుంకకుంటె సాలు" అన్నాడు. దేవుడా, ఏం తుమ్ములవి! ఒక్క ఎక్కం పూర్తయ్యేలోపు వరుస వరుసంతా తుమ్మేది. నేనూ తుమ్ముతూనే పాఠం చెప్పేదాన్ని, ఒక్క పూట కూడా మాననిచ్చేదాన్ని కాదు.

గోడ పని ఒక మేస్త్రీ నెత్తికెత్తుకున్నాడు. ఆయన కూతురు మా ఏడో తరగతిలో లెక్కల్లో ఫస్టు. "ఇటుకలు, సున్నం తెప్పియ్యుండ్రి సారూ. ఐతారం ఐతారం వచ్చి కట్టిపెడత" అని హెడ్మాస్టరు గారికి మాటిచ్చాడు. మిగతా తండ్రులు ఇటుకలు అందించడానికి ఒప్పుకున్నారు. రిజిస్టరు మళ్ళీ రాసే పని నా మీద పడింది.

నిజం చెప్పొద్దూ, పాత రిజిస్టరులో బడంతా ఒక్క రోజే పుట్టింది. తేదీ అడిగితే తల్లులు బిక్కమొహం వేసేవాళ్ళు, హెడ్మాస్టరు గారు బడి తెరిచే నెల మొదటి తారీఖు వేసేసేవారు. ఈసారి అన్నీ సరిగ్గా రాయాలని కొత్త పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. "జూపార్కుకు ఏనుగులు నడుసుకుంట పోయినయి సూడు, గప్పుడు వీడు నా కడుపుల ఉండె" అని ఒక తల్లి చెప్పింది. తండ్రులు ఇంకా ఘనులు. రేపు సర్కారు నౌకరికి పనికొస్తుంది, రెండేళ్ళు తగ్గించమని ఒకాయన పట్టుకున్నాడు. "తగ్గియ్యడానికి ఇదేమన్న కూరగాయల బేరమా అన్నా?" అని కసిరి వచ్చేశాను.

అలా మేస్త్రీ ఇంటికి కూడా వెళ్ళాను. ఇల్లంటే ఇల్లు లేదు, వానకు అదీ కూలింది. టార్పాలిన్ కింద కాపురం. పిల్ల గిన్నెలు తోముతోంది. తల్లి ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. పిల్ల వయసెంత అని అడిగితే "పదకొండు నిండినయమ్మా" అంది.

"పద్నాలుగు రాయి టీచరమ్మా" అన్నాడు మేస్త్రీ.

ఏంది, ఎందుకన్నాను. పద్నాలుగు నిండినట్టు బడి కాగితం చూపిస్తే బిస్కెట్ల కార్ఖానాలో పనికి తీసుకుంటారట. "నాలుగు గోడలు లేపుకునే దాంక, గంతే" అన్నాడు. పిల్ల చేతిలో గిన్నె ఆగిపోయింది.

"సిగ్గనిపిస్తలేదా అన్నా నీకు? బంగారమసొంటి పిల్లను కార్ఖానాల పడేస్తవా?" అని అరిచాను.

ఆయన గొంతు పెంచలేదు. "మీ బడి గోడ నేను కడుతున్న. నా గోడ ఎవరు కడతరు?" అన్నాడు.

జవాబు లేనప్పుడే నా కోపం రెండింతలవుతుంది. "నువ్వు మూడు పెంచుమంటే నేను ఒకటి తగ్గిస్త. ఏ కార్ఖానావోడు తీసుకుంటడో సూస్త" అని ఆయన ముందే పుస్తకం తెరిచి, పదేళ్ళు నిండినట్టు తేదీ వేసేశాను. "నీళ్ళన్న తాగి పో తల్లీ" అని ఆ తల్లి బతిమాలింది. చెంబు ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. ఇంటికొచ్చిన మనిషి నీళ్ళు తాగకుండా పోవడం మా దగ్గర తిట్టినదానికంటే ఎక్కువ. తెలిసే చేశాను.

ఇక మేస్త్రీ రాడనుకున్నాను. ఆదివారం ఎండెక్కకముందే వచ్చాడు. నా వైపు చూడలేదు. గోడ నిలువు చూసే గుండు దారం వేలాడేసి, ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోయాడు. సెలవులు అయిపోకముందే గోడ లేచింది. అధికారి వచ్చి గోడను అరచేత్తో చరిచి చూశాడు, రిజిస్టరు తిరగేశాడు, బాగుందన్నాడు. బడి నిలిచింది. మేస్త్రీ కూతురు కార్ఖానాకు పోలేదు, నా ముందు బెంచీలోనే కూర్చుంది. నేనే గెలిచానని మస్తు పొంగిపోయాను. ఆ ఇంటి గోడకు మాత్రం మాలో ఒక్కరం కూడా ఇటుక అందించలేదు. నిజానికి ఆ ఊహే నాకు రాలేదు. మరుసటి ఎండాకాలం దాకా వాళ్ళు ఆ టార్పాలిన్ కిందే ఉన్నారు.

మూడేళ్ళు గడిచాయి. హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు. ఒక సాయంత్రం ఆ పిల్ల మా బడికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది.

"టీచర్, నా పరీక్ష ఫారం వాపస్ అచ్చింది. పద్నాలుగు నిండాలంట. మీరిచ్చిన సర్టిఫికెట్ల లెక్కన ఇంక నిండలేదంట" అంది.

రిజిస్టరు తీస్తే నా గుండ్రటి అక్షరాలే, పొగరుగా. ఒక్క ఏడు ఆగితే ఏమవుతుందని అడిగాను, బుద్ధి లేక.

"ఏడాది ఇంట్ల కూసుంటె మళ్ల పుస్తకం ఎవరు పట్టనిస్తరు టీచర్?" అంది.

అసలు వయసు చూపించడానికి ఏదైనా ఆధారం కావాలి, మీ నాన్నను పంపించమని చెప్పాను. మర్నాడు మేస్త్రీ వచ్చాడు. తువ్వాలలో చుట్టి తెచ్చింది విప్పి నా బల్ల మీద పెట్టాడు. ఇత్తడి చెంబు.

"బిడ్డను తొట్టెల ఏసి పేరు పెట్టిన నాడు మా అత్తమ్మ పెట్టింది. పేరు కొట్టిచ్చింది. మాకు సదువు రాకపాయె. రాత్రి ఆధారం కోసం ఎతికితె బిడ్డ సదివి చెప్పింది" అన్నాడు.

చెంబు కడుపు మీద చుక్కలు చుక్కలుగా పిల్ల పేరు, తేదీ, సంవత్సరం. చింతపండుతో తోమి తోమి అరిగాయి కానీ చదవొస్తున్నాయి. పదకొండు నిండాయని ఆ తల్లి చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజు నా ముందు పెట్టిన చెంబే ఇది. నీళ్ళు తాగడానికి చేతిలోకి తీసుకుని ఉంటే ఆ తేదీ నా కళ్ళ ముందే ఉండేది.

నేనూ, మేస్త్రీ, పిల్లా ముగ్గురం విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళాం. తేదీ నేనే మార్చానని, తెలిసి, కోపంలో మార్చానని కాగితం రాసిచ్చాను. "కోపంల అని ఎందుకు మేడం, పొరపాటున అని రాయుండ్రి. నౌకరికి ఎసరొస్తది" అన్నాడు గుమాస్తా. పొరపాటు కాదు కాబట్టి మార్చలేదు. అధికారి చెంబును కిటికీ వెలుతురుకు తిప్పి చదివాడు. "ఇది తొట్టెల తారీఖు. పుట్టింది ఇంకో ఇరవై రోజుల ముందు కదమ్మా" అని చిన్నగా నవ్వి సంతకం పెట్టాడు. పిల్లకు పరీక్ష రాసే అనుమతి, నాకు మెమో. రెండూ ఒకే టేబుల్ మీద ఇచ్చారు. రెండూ తీసుకున్నాను.

బయట వరండాలో నల్లా ఉంది. మేస్త్రీ చెంబు కడిగి, నిండా నీళ్ళు పట్టి నా ముందుకు చాపాడు.

"గిప్పుడన్న తాగుతవా టీచరమ్మా?"

రెండు చేతులతో అందుకున్నాను. ఆఖరి చుక్క దాకా తాగాను. నీళ్ళు మెడ మీద, చీర మీద కారిపోయాయి. గోడ కూలిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"నీ గోడకు మేమెవరం రాలేదన్నా" అన్నాను.

"నువ్వు ఆ పొద్దు పద్నాలుగు రాసి ఉంటె, ఇయ్యాల నా బిడ్డ కార్ఖానాల ఉండు. ఈ పరీక్ష రాస్తుండెనా?" అన్నాడు ఆయన. ఖాళీ చెంబును మళ్ళీ తువ్వాలలో చుట్టుకుని, కూతురి వెనకాల మెట్లు దిగాడు.