తలుపక్క చూసిన నలభై నిమిషాలు

మా కింది వాటాలో ఉండే ఆవిడకి పరిశోధనశాలలో ఉద్యోగం. అక్కడ అందరూ ఆవిడని తలుపక్క అనేవారు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కుల కణాలని గాజుపెట్టెలో పెంచడం ఆవిడ పని. ఆ పెట్టెలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. ఎవరైనా తలుపు ఒక్క క్షణం ఎక్కువ తెరిస్తే చాలు, "తలుపూ" అనేది.

నేను కాలు నిలవని మనిషిని. ఎత్తు కొండల మీద పలచటి గాలికి అలవాటుపడ్డవాళ్లు కింది ఊళ్లకి దిగితే నీరసపడటం చూశాను. అది చెబితే తలుపక్క నవ్వింది. "ఇవీ అంతే బాబాయిగారూ. డిస్కు నడిమధ్యకి రక్తనాళం పోదు. గాలి తక్కువని తెలియగానే కణంలో ఒక ప్రోటీన్ పోగై, కొన్ని జన్యువుల్ని లేపుతుంది, కొన్నిటిని పడుకోబెడుతుంది. గాలి లేకుండానే చక్కెరతో బతకడం, నీరు పట్టే జిగురు చేసుకోవడం, అన్నీ ఆ పద్ధతిలోనే. గాలి తగిలిందా, పద్ధతి మారిపోతుంది."

ఆవిడ భర్త బీరువాలు మెట్లెక్కించే మనిషి. నడుం పడిపోయి ఆపరేషన్ అయినప్పుడు, తీసేసిన డిస్కు ముక్కని సంతకం పెట్టి ఆ పరిశోధనశాలకే ఇచ్చాడు. "నన్ను మంచంమీద పడేసి నా నడుముని డ్యూటీకి తీసుకుపోతున్నావే" అనేవాడు. ఆపరేషన్ బాగానే అయింది. ఏడు నెలలకి గుండె ఆగింది.

సెలవయ్యాక ఆవిడ వెళ్లేసరికి, ఆయన కణాలని గడ్డకట్టించి దాచిన గొట్టాలన్నీ అయిపోయి, అవి పెరుగుతున్న పళ్లెం ఒక్కటే మిగిలింది. గాజుపెట్టె బయటి మైక్రోస్కోపు కింద రెండు నిమిషాలకి మించి ఉంచకూడదన్న నియమం ఆవిడ పెట్టిందే. ఆ రోజు పళ్లెం దాని కింద పెట్టి చూస్తూ కూర్చుంది.

పరిశోధక విద్యార్థిని వచ్చి గోడ గడియారం చూసింది. "ఎంతసేపయిందక్కా?"

"నలభై నిమిషాలు."

ఆ పిల్ల పక్కనే కూర్చుంది. "లోపల పెట్టేద్దాం. నేనెవరికీ చెప్పను. బతికే ఉన్నాయిగా."

"బతికే ఉంటాయమ్మా. ఆయన నడుములో ఉన్నట్టు మాత్రం ఉండవు. రేపు వీటి జన్యువులు కొలిచి, ఇదీ డిస్కు తీరు అని రాస్తావు. ఆయన పేరు మీద అబద్ధం ఎందుకు?"

"దానిమీద ఆయన పేరు లేదక్కా, నంబరేగా."

"నాకు తెలుసుగా."

నమోదు పుస్తకంలో తలుపక్క తనే రాసింది: పళ్లెం బయట ఉంచాను, నలభై నిమిషాలు, ప్రయోగానికి పనికిరాదు. తర్వాత కణాలని చంపే మందు పోసింది. ఆ మందు పని పూర్తి చేయడానికి పది నిమిషాలు పడుతుంది. అంతసేపూ అక్కడే నిలబడిందట. ఆ పిల్లే తర్వాత నాకు చెప్పింది.

ఆవిడ ఇంటి తలుపు ఎప్పుడూ ఓరగా తెరిచి ఉండేది. "సామాను మోసుకొచ్చే మనిషి, ఏ చేత్తో తీస్తాడు?" అనేది. ఆయన పోయాక కూడా అలాగే ఉంచింది.

ఆ సాయంత్రం నేను మెట్లు దిగుతుంటే ఆవిడ వాటా లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. కొత్త గడియలా బిరుసుగా, రెండుసార్లు తోస్తే గానీ పడలేదు.