మోటారు ఫోను

మంసాపురం గురుసామి బావి ఆయన కూతురు శివరంజని సంచిలో ఉంటుందని ఊళ్లో వేళాకోళం. అందులో అబద్ధమేం లేదు. మోటారు పెట్టెలో ఒక సిమ్ము ఉంది. త్రీఫేస్ కరెంటు రాగానే మోటారు తానే తిరుగుతుంది. పెట్టె శివరంజని ఫోనుకి పిలిచి ఆ సంగతి చెబుతుంది. బావిలో ఉన్నవి ముప్పావు గంట నీళ్లు. ఆలోగా ఆమె ఎక్కడున్నా ఫోను నొక్కి ఆపాలి. ఆపకపోతే నీళ్లు లేక ఒట్టిగా తిరిగి మోటారు కాయిలు మాడిపోతుంది. గురుసామి పగలంతా ఇతరుల తోటల్లో కూలికి పోతాడు, పైగా చదువు రాదు. పదిహేనో ఏట నెత్తికెక్కిన ఆ పని ఆమెకు ఇరవై వచ్చినా దిగలేదు.

రాజపాళయం కాలేజీలో ఆ పిల్లకి పాఠం ఒక చెవికే ఎక్కేది. రెండోది సంచి మీద ఉండేది. పరీక్షలప్పుడు అన్నం సయించేది కాదు. తల్లి బొమ్మి దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. క్లాసులో ఫోను మోగితే చాలు, "మీ మోటారు పిలుస్తాంది" అని వెనక బెంచీ అంతా ఇకిలించేది.

ఆ బుధవారం కాలేజీకి ఒక కంపెనీవాళ్లు ఉద్యోగాలివ్వడానికి వచ్చారు. వరుసలో శివరంజని పక్కన మిల్లు యజమానుల పిల్ల జనని నిలబడి ఉంది. ఫోను మోగింది. జనని తల తిప్పింది. నవ్వలేదు పాపం, చూసిందంతే. శివరంజనికి ఒళ్లంతా సిగ్గు పాకింది. ఫోనే ఆర్పేసింది. లోపల వాళ్లేమడిగారో, తానేం చెప్పిందో ఆమెకిప్పటికీ గుర్తులేదు.

సాయంత్రానికి మోటారు మాడిపోయింది. "తోట్టంలో సిగ్నల్ లే నాయినా, కాల్ రాలా" అంది. గురుసామి నమ్మాడు. నమ్మకపోయినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆ పెట్టె చంకన పెట్టుకుని, కూతుర్ని సాక్ష్యానికి వెంటబెట్టుకుని, దాన్ని బిగించిన బాలుసామి అంగడికి పోయాడు. ఎన్నడూ గొంతు లేపని మనిషి అరిచాడు.

"ఏం డబ్బా ఇచ్చినావు తమ్ముడా! నా బిడ్డ పొద్దంతా ఫోను పట్టుకునే ఉండింది!"

బాలుసామి పెట్టెలోని సిమ్ము తీసి తన ఫోనులో వేసి, ఆ నంబరు కాల్స్ లెక్క తెరిచి చూశాడు. శివరంజని నంబరుకి ఏడు కాల్స్ పోయి ఉన్నాయి. తోటలో సిగ్నల్ నిక్షేపంగా ఉందన్నమాట. ఆ పిల్ల కూడా చూసింది. బాలుసామి ఆమె ముఖం చూసి, ఫోను బోర్లించి పెట్టాడు.

"డబ్బాదే తప్పన్నా. వేరేది ఇస్తాను, కాసు వద్దు."

పరాయివాడు తన అబద్ధాన్ని నెత్తిన వేసుకుంటుంటే ఆమెకు చచ్చేంత సిగ్గేసింది.

"లే నాయినా. నేనే ఆఫ్ చేసినాను. మోటారు పిలిస్తే అందరూ నవ్వుతారు."

గురుసామి తిట్టలేదు. ముందు బాలుసామికి దండం పెట్టాడు. తర్వాత నడుముకు దోపుకున్న బటన్ల ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంక దీనికే పిలవనీ తమ్ముడా. ఏది నొక్కాలో చూపించు, నేర్చుకొంటాను."

బాలుసామి చూపించాడు. గురుసామి కాయలుగాచిన బొటనవేలు ఒకటి అంకె నొక్కబోయి రెండు నొక్కింది. కూతురికేసి తిరిగాడు.

"ఇదేనా పాపా?"

ఈ పీడ ఎవరైనా తీసుకుంటే చాలని అయిదేళ్లు మొక్కుకున్న పిల్ల, ఆయన ముఖం చూడలేక, ఆ బొటనవేలు పట్టుకుని ఒకటి మీదికి జరిపింది.