చున్నీ ముడి

నా ఎడమ చేతి మణికట్టు మీద ఏం లేదు. అయినా ఇన్నేండ్లసంది అక్కడ ఒక ముడి ఒరుసుకుంటనే ఉంది. ఎవ్వలకూ చెప్పలే. మీరు నన్ను ఎరగరు గనుక మీకు చెప్తున్న.

మహబూబాబాద్‌ల హాస్టల్ల ఉండి పదో తరగతి చదివినం, నేను, తండా నుంచి వచ్చిన అనిత. ఒక్కసారి వింటే చాలు, దానికి లెక్క వచ్చేసేది. గని నిద్ర! చెవుల డప్పు కొట్టినా లేవకపోయేది. నాకేమో మళ్లమళ్ల రాస్తె గని ఎక్కది, గని గంట కొట్టకముందే మెలకువొస్తది. అందుకే అది తన చున్నీ ఒక కొస తన చేతికి, ఇంకో కొస నా చేతికి కట్టి పండుకునేది. నేను లేస్తే చున్నీ గుంజుతది, అదీ లేస్తది. తెల్లారకముందు, మంచుల, వరండా లైటు కింద ఇద్దరం ఒక్క దుప్పటి కప్పుకొని లెక్కలు చేసేటోళ్లం. ఆ పొద్దులు నాకు ఇప్పటికీ కలల్లకొస్తయి.

ఒకరోజు లెక్కల సారు క్లాసుల నాతోని అన్నడు, అనితకు తెలివుంది, నీకు ఓపికుంది, ఇద్దర్ని కలిపితే ఒక మంచి స్టూడెంటని. అందరు నవ్విండ్రు. అనిత కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అంటే నేను సగమేనా? నా ఓపిక లేకుంటే దాని తెలివి ఎందాక పోతదో చూద్దామనుకున్న.

మరునాడు మెల్లగ ముడి విప్పి ఒక్కదాన్నే లేచి వరండాలకు పోయిన.

"ఏందే, ముడి ఊడిందా?" అన్నది తెల్లారినంక, కండ్లు నులుముకుంట.

"నువ్వు మస్తు పొర్లుతవ్."

"అయ్యో, నేనే సక్కగ కట్టలే."

ఆ రాత్రి ముడి మీద ముడేసింది. అదీ విప్పిన. పరీక్షలదాక గిట్లనే. విన్న లెక్కలు మళ్ల చెయ్యక మరిసిపోయి, అనిత లెక్కలల్ల తప్పింది. చదువు మనకెందుకని వాళ్ల బాపు మిరపతోటల పనికి తోలుకపోయిండు. నేను టీచర్నయిన.

నిద్ర దానిది, తప్పు నాదెట్లయితది? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగిననో. నిద్ర దానిదే. గని ఆ నిద్రకు మందు అదే కనుక్కున్నది గదా, నన్ను నమ్మి. బద్ధకమున్నోళ్లు ముడి మీద ముడేసుకొని పండుకుంటరా?

మొన్న స్టేషన్ ఘన్‌పూర్‌ల మా బడికి అనిత బిడ్డను చేర్పియ్య వచ్చింది. "నా పోలికనే. తెలివుంది గని వట్టి బద్ధకం" అన్నది. ఆ పిల్ల తల వంచుకుంది. "కూలికి పోయి పోయి నాకిప్పుడు పొద్దుగాలనే మెలకువొస్తది, దీన్ని లేపనీకె నా కొంగు దీని చేతికి కట్టి పండుకుంటున్న. మన ముడి యాదికుందా?" అని నవ్వింది.

యాదికుంది అన్న. అంతే అన్న.

అనితా, నీది బద్ధకం కాదే. ముడి ఊడలే, నేనే విప్పిన. గీ మాట దానికి ఇంకా చెప్పలే, దాని బిడ్డకూ చెప్పలే. ఈడనన్న చెప్పిన. ఇయ్యాల్ల జర ఊపిరాడుతుంది.