మా ఇంట్లో ఫెయిలైన పాస్‌వర్డ్ టెస్టు

మార్కాపురంలో ఇంటి నుంచే పని చేసే మా అమ్మాయికి ఈ రోజు ఉద్యోగం పర్మనెంట్ చేస్తారా లేదా అని తేల్చే మీటింగ్. కంప్యూటర్‌కు అక్షరాలతో ఆదేశాలిచ్చే షెల్ అనే ప్రోగ్రామ్ ఒకటుంది. అందులో మనం కొట్టే పాస్‌వర్డ్ విండోస్, మ్యాక్, లైనక్స్ అనే మూడు రకాల కంప్యూటర్లలోనూ బయటపడకుండా ఉందో లేదో చూసే యూనిట్ టెస్టులనే చిన్న పరీక్ష ప్రోగ్రాములు రాయడం ఆమె పని.

"అన్నీ పాసయ్యాయి సార్. ఒక్క అక్షరం కూడా బయటికి రాదు" అని గదిలో చెబుతోంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి సుబ్బమ్మ గోడ మీదుగా కేకేసింది.

"అన్నా, మీ వైఫై మళ్ళా పాస్‌వర్డ్ అడుగుతా ఉంది. ఏందది?"

"మన ఊరి పేరు కొట్టి, ఎనకాల ఒకటి రెండు మూడు నాలుగు ఎయ్యమ్మా! అన్నీ చిన్న అక్షరాలే!" అని వీధంతా వినపడేట్టు చెప్పాను.

నా కేక మైకులోంచి మీటింగ్‌లో అందరికీ వినపడిందట. తర్వాత తెలుగు తెలిసిన పెద్దసారు, "మీ నాన్నగారికి కూడా ఒక టెస్టు రాయమ్మా" అన్నాడట. ఉద్యోగం మాత్రం ఖాయం చేశాడు.

అమ్మాయి వెంటనే వైఫై పాస్‌వర్డ్ మార్చేసింది. వాళ్ళమ్మకు చెప్పింది గానీ నాకు చెప్పలేదు. సాయంత్రం సుబ్బమ్మను అడిగి తెలుసుకుని ఈ పోస్టు పెడుతున్నాను.

మీ ఇంటి పాస్‌వర్డ్ ఎవరింట్లో భద్రంగా ఉందో చెప్పండి.