గోడ మీది సముద్రపు తాబేలు

ఆ సాయంత్రం ఉలి గరిటె మీద కాక నా బొటనవేలి మీద దిగింది. మాది ఉదయగిరి, కొయ్య గరిటెలు చెక్కే పని. ఊళ్ళో ఇంకా దీపాలు పెట్టలేదు, నాకు మాత్రం అప్పుడే చీకటి పడిపోయింది. కరువులో తిండి లేక వచ్చిన నీరసమనుకుని ఎవరికీ చెప్పలేదు.

జ్వరం కూడా తగులుకున్నాక నా భార్య రంగమ్మ నన్ను బండి మీద ఆత్మకూరు డిస్పెన్సరీకి తెచ్చింది. అక్కడ కట్లు కట్టి మందులిచ్చే డ్రెస్సరు నా రెప్పలు ఎత్తి చూశాడు.

"నైట్ బ్లైండ్‌నెస్. రేచీకటి. ముదిరితే కంటి పైపొర, కార్నియా కరిగిపోతాది, ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరు" అన్నాడు.

రోజూ కాడ్ లివర్ ఆయిల్ అనే చేపనూనె, మేక కార్జం. మొదటి వారం ఆ నూనె వాసనకు తిన్నదంతా కక్కుకున్నాను.

నా మంచానికి ఎదురుగోడ మీద డ్రెస్సరు వేసిన రంగుల బొమ్మ ఉండేది. సముద్రపు తాబేలు. ఆయనది సముద్రపు ఒడ్డు ఊరు. నేనెరిగిన తాబేళ్ళు చెరువు బురదలో ముడుచుకునేవి. ఇది కాళ్ళు గరిటెల్లా చాచి నీళ్ళలో ఎగురుతోంది. వీపు మీద ఆకుపచ్చ, పసుపు పలకలు. ఇంత అందాన్ని దేవుడు నీళ్ళ అడుగున దాచాడా అనుకుంటూ పగలంతా చూసేవాణ్ణి. దీపాల వేళకు మాయమయ్యేది. మూడో వారం ఒక సాయంత్రం దాని అంచు నిలిచింది. తర్వాత పలకలు, చివరికి కన్ను. సంతోషం పట్టలేక ఏడ్చాను.

రంగమ్మ పగలంతా ఆ ఊళ్ళోనే కరువు పనిలో కంకర కొట్టి, దీపాల వేళకే తోటి కూలామె చెయ్యి పట్టుకుని వచ్చేది.

"దాని కన్ను చూడవే, నవ్వుతా ఉండాది!" అన్నాను.

"ఏంది చూసేది? తాబేలు ఇంటికి అరిష్టం" అని మొహం తిప్పుకుంది. కార్జం ముక్క పెట్టబోతే, "మంచమెక్కింది నువ్వా నేనా? తిను" అంది.

మూఢురాలివని కసిరాను. చూపొచ్చిన సంబరంలో నా కళ్ళు నెత్తికెక్కాయి. ఆమెకు ఆ గోడే కనబడడం లేదని తట్టలేదు. చెబితే నా కార్జంలో సగం తనకు పెడతానని భయపడిందట.

ఆమెకూ రేచీకటేనని డ్రెస్సరు కనిపెట్టేసరికి ఆలస్యమైపోయింది. "ఇన్నాళ్ళూ పక్కనే ఉండావు గదయ్యా, ఒక్కసారన్నా అడగలా?" అన్నాడు.

వచ్చేటప్పుడు ఆ బొమ్మ మాకే ఇచ్చాడు. ఇప్పుడు మా ఇంటి గోడకు ఉంది. రంగమ్మకు పగలూ రాత్రీ ఒకటే. బొమ్మను చూసి ఒక కొయ్య తాబేలు చెక్కి ఆమె చేతిలో పెట్టాను. వేళ్ళతో తడిమి తడిమి, "ఇంత సొగసైనదాన్ని అరిష్టమంటిని గదయ్యా" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మీకు చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఒకరికి రేచీకటి వస్తే, దీపాల వేళ మిగిలినవాళ్ళనూ ఎదురుగోడ మీద ఏముందో అడగండి. జవాబు చెప్పకుండా మొహం తిప్పుకుంటే కసరకండి. చెయ్యి పట్టుకుని డిస్పెన్సరీకి తీసుకెళ్ళండి.