రెండుసార్లు గుంజిన తాడు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. జంతుశాస్త్రం చదివినదాన్ని. కప్పను కోసి చూపిస్తే తప్ప దాని గుండెకు ఎన్ని గదులో ఒప్పుకోని రకం. ఇప్పటికీ అంతే. ఈ సంగతి ఇన్నేళ్లూ ఎక్కడా రాయకపోవడానికి కారణం కూడా అదే.

అరవైల మొదట్లో హైదరాబాదులో ఎమ్మెస్సీ చేస్తున్నాను. గోదావరి చేపల మీద చిన్న పరిశోధన రాయాలి. మా అక్కను ఇచ్చిన ఊరు ధర్మపురికి కొంచెం ఎగువన, ఏటి ఒడ్డునే ఉంది. అవతలి గట్టు ఆదిలాబాద్ జిల్లా. ఎండాకాలం సెలవుల్లో అక్కడే మకాం పెట్టాను. ఏ చేప ఎంత లోతులో ఉంటుంది, ఊళ్లో దాన్ని ఏమంటారు, ఇవి రాసుకోవడం నా పని.

ఆడపిల్ల ఒంటరిగా ఏటికి పోతే బాగుండదని మా బావ లచ్చవ్వను తోడు పంపాడు. చేపలు పట్టే ఇంటి మనిషి. యాభై ఏళ్లుంటాయి. భర్త ఏట్లో పోయాడని మాత్రం అక్క చెప్పింది. ఎలా పోయాడో నేను అడగలేదు. జెల్ల, వాలుగ, కొరమట్ట, ఏదైనా సరే తోక చూసి పేరు చెప్పేది లచ్చవ్వ. నేను పుస్తకంలో పేజీ వెతికేలోపు కడుపు మీద వేలు పెట్టి గుడ్లున్నాయో లేవో కూడా చెప్పేసేది.

మడుగు పక్కన నల్లటి బండ ఒకటి ఉంది. రోజూ మధ్యాహ్నం దాని మీద కూర్చుని, సీసపు గుండు కట్టిన తాడును నీళ్లలోకి వదిలి లోతు కొలిచేదాన్ని. బారకో ముడి. అక్కడ ఎప్పుడూ నాలుగు బారలే. వాన లేదు, నీళ్లలో కదలిక లేదు. లచ్చవ్వ మాత్రం ఆ బండ ఎక్కేది కాదు. వెనక తుమ్మచెట్టు నీడలో కూర్చునేది.

పదో రోజో, పదకొండో రోజో. గుండు అడుగు తాకింది. తాడు వదులైంది. పెన్సిల్ కోసం చెయ్యి చాపుతుంటే తాడు బిగిసింది. కొంచెం ఆగి మళ్లీ బిగిసింది. గట్టిగా కాదు. ఎవరో కొంగు పట్టి పిలిచినట్టుంది.

"అవ్వా, తాడును ఏదో గుంజింది" అన్నాను నవ్వుతూ.

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. వాలుగ కొట్టినట్టుంది."

ఆమె లేచి వచ్చిన తీరు నాకింకా కళ్లముందే ఉంది. బండెక్కి, నా చేతుల మీదుగా తాడు పట్టుకుంది.

"గుంజు బిడ్డా, జల్ది గుంజు! రెండుసార్లంటె పైకి గుంజుమని!"

గుండు శేరు బరువు కూడా ఉండదు. కానీ మొదటి రెండు బారలూ ఇద్దరం వెనక్కి వాలి లాగాల్సి వచ్చింది. తర్వాత ఒక్కసారిగా తేలికైపోయింది. గుండు పైకి వచ్చింది. సీసం మెత్తనిది, గోటితో గీరినా గీత పడుతుంది. వాలుగకు పళ్లుంటాయి. తిప్పి తిప్పి చూశాను. కొత్త గీత ఒక్కటీ లేదు.

లచ్చవ్వ బండ మీద కూలబడింది. తాడు కొస ఇంకా చేతిలోనే ఉంది.

"ఈ బండ సందులనే వల ఇరికింది. గాయన నడుముకు తాడు కట్టుకొని దిగిండు. కొస నా చేతిల ఉన్నది. రెండుసార్లు గుంజిండు బిడ్డా. వాలుగ కొట్టిందనుకున్న. మూడోసారి గుంజలే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గాయన గుంజనే లేదని అందరికి చెప్పిన. పదకొండేండ్లాయె."

వాలుగ అని నేనన్నది ఇందాకనే కదా.

సాయంత్రం ఆమె ఇంటికి పోలేదు. నన్ను వెంటబెట్టుకుని అత్త ఉండే గుడిసెకు పోయింది. ముసలామె మంచంలో ఉంది. లచ్చవ్వ ఏదీ దాచలేదు. పదకొండేళ్ల కిందటి సంగతీ చెప్పింది, ఆ రోజు బండ మీద జరిగిందీ చెప్పింది. ముసలామె గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఇయ్యాల గుంజినవా?" అంది, ఇటు తిరక్కుండానే.

"గుంజిన అత్తా."

"మంచిగ చేసినవ్. ఇంత తిని పో."

లచ్చవ్వ అక్కడే కింద కూర్చుని ఏడ్చింది. నేను బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఇంకో ఇరవై రోజులు అదే బండ మీద నుంచి తాడు వదిలాను. ఒకసారి నిజంగానే చేప కొట్టింది. పక్కకు విదిలించి వదిలేసింది. ఆ లాగుడు వేరు. లచ్చవ్వ మనసులో భర్త సంగతి ఉంది కాబట్టి ఆమెకు అలా తోచిందని అనవచ్చు. కానీ ఆ రోజు తాడు నా చేతిలో ఉంది. ఆయన ఎలా పోయాడో అప్పటికి నాకేమీ తెలియదు.

తర్వాత చాలా ఏళ్లు కాలేజీలో చేపల గురించే పాఠాలు చెప్పాను. ఆ రోజు తాడు గుంజింది వాలుగేనని పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి నిరూపించగలను. అయితే ఆ రెండు బారల తాడు లాగిన చేతులు ఇవే. వాటికి మాత్రం ఈనాటి వరకు నచ్చచెప్పలేకపోయాను.