నేను కుట్టని జేబు

దయ్యాలు గియ్యాలు అంటే నవ్వే మనిషిని నేను. చిక్కడపల్లిల ముప్పై ఏండ్ల సంది మిషన్ తొక్కుతున్న. ఇది దయ్యమని ఇప్పుడు కూడా అంటలేను. ఏందో నాకు తెల్వదు, అంతే.

జాకెట్లతో పాటు నాటకాల బట్టలు కూడా కుడత. పాతకాలం దివాన్ల షేర్వాణీలు, రాజుల అంగీలు. వాటికి జేబులు ఉత్తగ చూపుకే. బట్ట కొయ్యకుండ పైన పట్టీ కుట్టి వదిలేస్త, లోపల సంచి ఉండదు. స్టేజీ మీద దివాను చిల్లర తీస్తడా ఏంది?

అశోక్‌నగర్ మూర్తి గారు రిటైరయినంక నాటకాల్లో పడ్డరు. తన షేర్వాణీకి మాత్రం లోపల ఎడమ పక్క నిజం జేబు కావాలన్నరు. "గుండె గోలీ పెట్టుకోవాలమ్మా. నొప్పి వస్తే వెంటనే నాలుక కింద పడాలి" అని రెండుసార్లు చెప్పిన్రు.

మర్చిపోయి ఉంటే ఇంత సిగ్గయ్యేది కాదు. మర్చిపోలేదు. పెండ్లి జాకెట్లు నెత్తి మీదున్నయి, మళ్ల లైనింగ్ ఎవరు విప్పుతరని పట్టీ కుట్టి ఇస్త్రీ చేసిన. నాటకం నాడు నేనే హాలుకు తీస్కపోయి ఇచ్చిన. "జేబు కుట్టావు కదమ్మా?" అంటే, ఆయన మొఖం చూస్కుంటనే "కుట్టిన సార్" అన్న. నా బుద్ధి గడ్డి తిన్నది.

రెండో సీన్ల ఆయన మాట మధ్యల ఆగిపోయింది. మొఖమంత చెమట. చెయ్యి షేర్వాణీ లోపలికి పోయింది. నేను లేచి అరిచేదుండె. అరిస్తే అబద్ధం బయటపడతదని కూసున్న. థూ, ఏం మనిషిని!

ఆయన గోలీ తీసి నాలుక కింద పెట్టుకున్నరు. కుర్చీల కూలబడి, జర సేపటికి డైలాగ్ పూర్తి చేసిన్రు. అదంత నటన అనుకొని జనం చప్పట్లు కొట్టిన్రు.

నాటకం అయినంక అందరి ముందు "ఈవిడ కుట్టిన జేబే ఇవాళ నన్ను బతికించింది" అని నాకు శాలువా కప్పిన్రు. తల కొట్టేసినట్టయింది. అయినా వద్దనలేదు, దండం పెట్టి కప్పించుకున్న.

తెల్లారి ఉతికి ఇస్త్రీ చెయ్యనీకి షేర్వాణీ నా దుకాణానికే వస్తే లైనింగ్ విప్పి చూసిన. సంచి ఉంది. ఎర్ర గీతల పాత బట్ట, సన్నటి చేతికుట్టు. అసొంటి బట్ట నా దుకాణంల లేదు. అంత సన్నగ కుట్టుడు నాకు రాదు. దుకాణం తాళంచెవి ఇంకొకరి దగ్గర లేదు. ఆయన్ని అడిగితే, హాలుల నా చేతికెళ్లి తీసుకొని అక్కడే వేసుకున్ననని, గోలీ అప్పుడే పెట్టుకున్ననని చెప్పిన్రు.

నిజం చెబుదామని నారాయణగూడ మార్కెట్ల రెండుసార్లు ఎదురుపోయిన. ఆయన పక్కోళ్లకు నన్ను చూపించి మెచ్చుకుంటుంటే, చెప్పకుండనే నవ్వి వచ్చేసిన.

ఎవరు కుట్టిన్రో ఇప్పటికీ తెల్వదు. కుట్టినోళ్లు ముందుగాల నా ఉత్త పట్టీని చూసే ఉంటరు, దాన్ని ఇస్త్రీ చేసి మరీ తయారుగ పెట్టిన సంగతి కూడా. అది తల్సుకుంటే నాకు భయం కాదు, సిగ్గయితది.